చీకటి వార్డులో పథ్యం

మా ఆయన గౌరీపతి పోయింది బుధవారం నాడు, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు. రెండు గంటల తరువాత, మేము ఇంకా ఆసుపత్రి కాగితాల కోసం వరండాలో బల్ల మీద కూర్చుని ఉండగా, అంతకు ముందు రోజు తీసిన స్కానింగు రిపోర్టు వచ్చింది. ఊపిరితిత్తిలో గడ్డ లేదు. వెన్నెముకలో ఉండిన మూడు మచ్చలూ లేవు. అడుగున ముద్ర వేసి ఉంది: "పూర్తి స్పందన".

క్యాన్సరు లేదు. మనిషీ లేడు. ఈ రెండు సంగతులూ ఒకే కవరులో పెట్టి నా చేతికిచ్చారు.

నేను అనకాపల్లిలో ఒక బాలికల ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను. ఒక మాట రాసే ముందు అది సరైనదేనా అని చూసుకోవడం అలవాటు. రిపోర్టులిచ్చే కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఈయన ఇందాకే పోయారు బాబూ. పూర్తి స్పందన అని ఎలా వేశారు?" అని అడిగాను.

లోపలి కుర్రాడు కంప్యూటరు చూసి, "అది గడ్డ సంగతండి మేడమ్. మనిషి సంగతి వేరే కాలమ్‌లో వస్తుంది" అన్నాడు.

వేరే కాలమ్ కాగితం కూడా ఇమ్మన్నాను. అది శుక్రవారం ఇస్తారట.

*

ఆ వైద్యం సంగతి చెప్పాలి. భీమిలి రోడ్డులో కొండవాలున కట్టిన పరిశోధనా కేంద్రం అది. అక్కడి పెద్ద డాక్టరు పేరు పట్నాయక్. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటిన వయసు, మంచివాడు. ఆయన మంచివాడు కావడం వల్ల నా పని తేలికేమీ కాలేదు.

మేము మొదటిసారి వెళ్ళిన రోజు ఆయన గది కిటికీలు మూసి, టార్చిలైటు వెలిగించి మా ఆయన అరచేతికి ఆనించి పెట్టాడు. చెయ్యి ఎర్రగా వెలిగింది.

"చూశారా? తెల్లటి వెలుతురు లోపలికి వెళ్ళింది. ఎరుపు ఒక్కటే ఇవతలికి వచ్చింది. ఎర్ర కాంతి ఒంట్లోకి చాలా లోతుకు వెళ్తుంది. ఎండలో అది బోలెడంత ఉంటుంది."

"ఈ ఆట చిన్నప్పుడు మేమూ ఆడేం సార్. దీనికింత బిల్డింగు కట్టేరా?" అన్నారు మా ఆయన. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరు. ఎవరితోనైనా టికెట్టు కొట్టిన చొరవతోనే మాట్లాడేవారు.

పట్నాయక్ గారు నవ్వి మిగతాది చెప్పాడు. ఆకుల్లోని పచ్చదనం నుంచి తీసిన ఒక మందు. ఒంట్లో ప్రతి కణంలోకీ చేరుతుంది. మామూలు కణాలు మూడు వారాల్లో దాన్ని బయటికి తోసేస్తాయి. క్యాన్సరు కణాలకు ఆ నేర్పు లేదు, దాచుకుంటాయి. మందు ఉన్న కణం మీద ఎర్ర కాంతి పడిందా, అది లోపలి నుంచి కాలిపోతుంది. అందుకని ఇరవై ఒక్క రోజులు చీకట్లో ఉంచుతారు. ఇరవై రెండో రోజు మేడ మీదికి తీసుకెళ్ళి గంటసేపు ఎండలో కూర్చోబెడతారు. ఏదో చలిదేశంలో ఇదే మందుకు పెద్ద పెద్ద దీపాలు వాడారు. మన దగ్గర సూర్యుడే చాలునని కనిపెట్టింది ఈయన.

"అంటే ఎండలో కూకుంటే తగ్గిపోద్దా?"

"అంతే."

"ముప్పై ఏళ్ళు ఎండలోనే తిరిగేను సార్. సూది ఒకటి ముందే పొడిచేసుంటే డ్యూటీలోనే వైద్యం అయిపోయేది."

ఆ సూదిని అక్కడందరూ పచ్చ సూది అనేవారు. వేసిన రోజునే ఆయన్ని చీకటి వార్డుకు తీసుకెళ్ళారు. కిటికీలకు నల్ల రేకులు. నడవడానికి దారి కనిపించేటట్టు అక్కడొకటి అక్కడొకటి మసక ఆకుపచ్చ దీపాలు. ఈ మందు ఆకుపచ్చ వెలుతురుకు కదలదు గనుక ఆ రంగు పెట్టారు. ఆ వెలుతురులో మనుషుల ముఖాలు చెరువు అడుగున ఉన్నట్టు కనిపించేవి. కొత్త రోగి తడుముకుంటూ లోపలికి వస్తే చాలు, మా ఆయన మంచం మీంచి, "ముందుకి జరగండి బాబూ, ముందు చాలా ఖాళీ ఉంది" అని కేకేసేవారు. వార్డు సిస్టరు రాహేలు, "ఇది బస్సు కాదు గౌరీపతి గారూ" అని కసిరేది. ఆవిడ గొంతులో నవ్వు ఉండేది.

తిండి ఇంటి నుంచే. మా ఆయన అక్క అప్పయ్యమ్మ వదిన చోడవరం నుంచి వచ్చి వంట తన చేతుల్లోకి తీసుకుంది. పథ్యం వండటంలో ఆవిడకు పేరు. ఎవరింట్లో పురుడొచ్చినా, కామెర్లొచ్చినా కబురు ఆవిడకే. పాతబియ్యం అన్నం, ఉడకబెట్టిన పొట్లకాయ, తాలింపు లేని వాము చారు, కందికట్టు. నూనె బొట్టు లేదు, నెయ్యి వాసన లేదు, పాలు మీగడ తీసి. నేను ఆ క్యారేజీ పట్టుకుని రోజూ తొలి బస్సు ఎక్కేదాన్ని. లోపలికి వెళ్ళి, ఆయన తిన్నాక, అటు నుంచి అటే బడికి వచ్చేసేదాన్ని.

వారం తిన్నాక ఆయనకు విసుగు వచ్చింది.

"ఒలే టీచరమ్మా, ఒక్క చెంచాడు నెయ్యి ఎయ్యవే. కందికట్టు గొంతు దిగట్లేదు."

"ఇరవై ఒక్క రోజులే కదా."

"చెంచాడొద్దు. వేలు ముంచి రాయి."

"పథ్యం తప్పితే వదిన ఊరుకుంటుందా?"

"అది చోడవరంలో ఉన్నట్టే అనుకో. ఇక్కడ చీకటి. ఎవులికి కనపడద్ది?"

వెయ్యలేదు. అప్పటినుంచి రోజూ అడిగారు. నేను ఒక్కసారి కూడా వెయ్యలేదు. మొదట్లో బతిమాలేదాన్ని, తరువాత మందలించాను. చివరి వారంలో సమాధానం కూడా చెప్పలేదు.

ఇరవై రెండో రోజు ముంజేతి మీద ఒక చిన్న దీపం పెట్టి చర్మం పరీక్షించారు. మచ్చ పడలేదు. రక్తంలో మందు లేదు. మేడ మీదికి పంపారు. చొక్కా విప్పి, కళ్ళు మూసుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. "ఎండ ఇంత బాగుంటాదని ఎవరూ చెప్పలేదేటే" అన్నారు. ఆ గంటా అయిపోయాక కూడా లేవనన్నారు.

మూడో రోజుకు కళ్ళు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. ఒంటి మీద ఎక్కడా కాలిన గుర్తు లేదు. కాలేయం పని చెయ్యడం లేదన్నారు. ఎందుకు చెయ్యడం లేదంటే, ముదిరిన జబ్బులో ఇలా అవుతుందన్నారు. ఆరో రోజు బుధవారం.

*

పదకొండో రోజు అయ్యేదాకా ఇల్లు జనంతో నిండి ఉంది. వచ్చిన ప్రతివారూ మొదటి నుంచీ చెప్పమన్నారు. నేను మొదటి నుంచీ చెప్పాను. ఒకాయన అంతా విని, "అదే హైదరాబాదు తీసుకెళ్ళుంటేనా" అన్నాడు. ఇంకొకావిడ, "ఎండలో కూర్చోబెట్టడమేటమ్మా, చదువుకున్నదానివి నువ్వెలా ఒప్పుకున్నావు?" అంది. కాఫీ మట్టుకు తాగారు.

వదిన మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. అందరూ వెళ్ళిపోయాక వంటింటి గడప మీద కూర్చుని ఒక మాట అంది.

"ఒకటే తృప్తి సుభాషిణీ. మన వల్ల లోటు రాలేదు. ఒక్క పూటా పథ్యం తప్పనివ్వలేదు."

ఆవిడను చోడవరం వెళ్ళమనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడా వెళ్ళలేదు.

పదిహేనో రోజున బడికి వెళ్ళాను. హెడ్‌మాస్టరు గారు సెలవు చీటీ మూడు ప్రతులు రాయించుకున్నారు. అందులో కారణం దగ్గర "భర్త మరణం" అని రాస్తే, "అనారోగ్యం అని రాయండి టీచర్, ఆ కోడ్ అయితే త్వరగా పాస్ అవుతుంది" అన్నారు. ఎవరి అనారోగ్యం అని అడగలేదు నేను. భర్త మరణం అనే ఉంచాను. చీటీ తిరిగి వచ్చింది.

పదో తరగతి వాళ్ళకు జీర్ణక్రియ పాఠం మిగిలి ఉంది. బోర్డు మీద కాలేయం గీసి, దాని కింద పిత్తాశయం చిన్న సంచిలా గీశాను. పిత్తరసం కాలేయంలో తయారవుతుంది, ఈ సంచిలో నిలవ ఉంటుంది, మనం కొవ్వు తిన్నప్పుడు సంచి ముడుచుకుని రసం పేగులోకి దిగుతుంది అని చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరసలో చెబుతున్నాను.

రెండో బెంచీలో కోమలి అనే పిల్ల లేచింది. ఆ పిల్లకు ప్రతిదానికీ ఒక "లేకపోతే" ఉంటుంది.

"కొవ్వు తినకపోతేనో టీచర్?"

"సంచి ముడుచుకోదు. రసం అందులోనే ఉండిపోతుంది."

"ఎన్ని రోజులు?"

"కొవ్వు తినేదాకా."

ఆ మాట అన్నాక బోర్డు మీద పిత్తాశయం పేరు రాయడం పూర్తి చెయ్యలేదు. పిల్లల్ని చదువుకోమని చెప్పి కుర్చీలో కూర్చున్నాను. పచ్చ సూదికి ముందు మా చేత సంతకం పెట్టించుకున్న పుస్తకంలో తొమ్మిదో పేజీ నాకు జ్ఞాపకం ఉంది. సాక్షి సంతకం నాది. "ఈ మందును కాలేయం రక్తంలోంచి తీసుకుని పిత్తరసంతో కలిపి బయటకు పంపుతుంది" అని ఆ పేజీలో ఉంది. నేను ఆ వాక్యం చదివాను. చదివి, ఇంటికి వెళ్ళి, నెయ్యి గిన్నె పై అలమరలో పెట్టించాను.

ఇరవై ఒక్క రోజులు మందంతా కాలేయం దగ్గర ఆగిపోయింది. అందుకే రక్తం శుభ్రంగా ఉంది, చర్మం శుభ్రంగా ఉంది. వాళ్ళు ఆ రెండే చూశారు. చూసి ఆయన్ని ఎండలో కూర్చోబెట్టారు. గడ్డతో పాటు కాలేయమూ లోపలి నుంచి కాలిపోయింది.

*

మర్నాడు పట్నాయక్ గారి గదికి వెళ్ళాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"సుభాషిణి గారూ, మీ బాధ నేను..."

"బాధ గురించి రాలేదండి. నెయ్యి గురించి వచ్చాను."

"నెయ్యా?"

చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. చివరికి, "చలిదేశంలో చేసిన మొదటి పరీక్షల్లో ఇలాంటి సమస్య రాలేదే" అన్నాడు.

"చలిదేశంలో రోగులు ఏం తిన్నారు?"

"వాళ్ళ మామూలు తిండి. రొట్టె, వెన్న, జున్ను..."

"మీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఏం పెడతారండి?"

"ఏముంది, చారన్నం. మా అమ్మయితే నూనె చుక్క..." అని ఆగిపోయాడు.

"మరి ఇక్కడ రోగులకు ఏం పెడుతున్నారనుకున్నారు?"

ఆయన ఫైలు తీశాడు. రోగి గురించి అరవై రెండు ప్రశ్నలు. తండ్రి తరపు తాత దేనితో పోయాడో కూడా అడిగారు. ఆహారం దగ్గర రెండే గడులు: శాకాహారం, మాంసాహారం. మా ఆయనకు రెండో గడిలో టిక్కు ఉంది. ఆ మూడు వారాల్లో ఆయన గుడ్డు కూడా ముట్టలేదు.

"నలభై ఒకటో ప్రశ్న చూడండి" అన్నాను. మలం రంగు. మందు బయటికి పోతుంటే ఆకుపచ్చగా ఉండాలి. ఇరవై ఒక్క రోజులూ "మామూలు" అని రాసి ఉంది. "ఇది ఎక్కడ చూసి రాశారు?"

"వార్డులోనే."

"వార్డులో దీపం ఏ రంగు?"

ఆకుపచ్చ దీపం కింద ఆకుపచ్చను ఎవరూ గుర్తుపట్టలేరు. అక్కడ పాలూ పచ్చగానే ఉంటాయి, పక్కబట్టలూ పచ్చగానే ఉంటాయి. ఎనిమిదో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు. ఇంతమంది డాక్టర్లు మూడేళ్ళుగా ఆ గడి నింపుతున్నారు.

"ఇప్పుడు వార్డులో ఎంతమంది ఉన్నారు?" అని అడిగాను.

"ఏడుగురు. పద్దెనిమిదో తారీఖున వాళ్ళకి ఎండ రోజు."

అప్పటికి తొమ్మిది రోజులు ఉంది.

"వాయిదా వెయ్యండి. వాళ్ళకు నెయ్యి పెట్టమని చెప్పండి."

"నేను అలా మార్చకూడదండి. పద్ధతి మధ్యలో మారిస్తే పరీక్ష అంతా చెల్లదు. కమిటీ ఒప్పుకోవాలి."

"కమిటీ ఎప్పుడు?"

"ఇరవై రెండున."

నేను తేదీలు మళ్ళీ అడిగాను. నేను సరిగ్గానే విన్నాను. ఏడుగురిని పద్దెనిమిదిన ఎండలో కూర్చోబెడతారు, కూర్చోబెట్టవచ్చో లేదో ఇరవై రెండున మాట్లాడుకుంటారు.

"ఒక్క మరణం పట్టుకుని అత్యవసర సమావేశం అడగలేనండి" అన్నాడాయన, బల్ల వైపు చూస్తూ.

"ఒక్కటేనా?"

ఫైలు మూసి చెప్పాడు. ఇరవై ఆరుగురిలో నలుగురు. నలుగురికీ పూర్తి స్పందన.

నా వాదన కాగితం మీద పెట్టమన్నాడు. పెట్టాను. ఆఫీసు వాళ్ళు ఇంగ్లీషులో కావాలన్నారు, ఇంగ్లీషులో ఇచ్చాను. రోగి నంబరు వెయ్యలేదన్నారు, వేశాను. చివరికి "దరఖాస్తుదారుకు వైద్య అర్హత లేదు" అని పెన్సిలుతో రాసి తిరిగి ఇచ్చారు. అందులో ఒక అక్షరం తప్పు ఉంది. దిద్ది బల్ల మీద పెట్టి వచ్చేశాను.

బయట గేటు దగ్గర రాహేలు సిస్టరు కలిసింది. డ్యూటీ దిగి వెళ్తోంది. నేను సంగతంతా చెబితే నిలబడి వింది. తరువాత మెల్లగా అంది.

"టీచరుగారూ, ఒకటి చెప్తాను, ఎవరితోనూ అనకండి. కిందటేడు ఒక చేపలాయన ఉండేవాడు. పథ్యం ఒల్లనని రోజూ వేపుడు చేప దొంగతనంగా తెప్పించుకునేవాడు. నేను ఎన్ని తిట్లు తిట్టేనో. ఇప్పుడు శుభ్రంగా వేటకెళ్తున్నాడు. ఇంకొకాయన తలగడ కింద పకోడీలు. ఆయనా బాగున్నాడు. పోయిన నలుగురూ..."

"చెప్పిన మాట విన్నవాళ్ళు."

"దేవుడి తోడు, వాళ్ళతో నాకు ఒక్క రోజు తగువు లేదు" అందావిడ. గేటు వైపు ఒకసారి చూసి, "ఆదివారం పది గంటలకి చుట్టాలందరూ క్యారేజీలు పట్టుకుని వరండాలో కూర్చుంటారు. ఆ టైములో నేను లోపల పనిలో ఉంటాను. వరండాలో ఎవరేం మాట్లాడుకున్నారో నాకు తెలీదు" అంది.

*

ఆదివారం వదినతో బడిలో పని ఉందని చెప్పి వెళ్ళాను. వరండాలో ఏడు క్యారేజీలు ఉన్నాయి. మూతలు తియ్యకుండానే వాము వాసన వస్తోంది.

నేను లేచి నిలబడి, నేనెవరో చెప్పి, అన్నంలో రోజూ రెండు చెంచాల నెయ్యి గాని నూనె గాని వెయ్యమని అడిగాను.

నూకరత్నం అనే ఆవిడ, భర్త లోపల ఉన్నాడట, క్యారేజీ ఒళ్ళోకి లాక్కుంది.

"పథ్యంలో నెయ్యేటమ్మా? నీకేటి మతిగాని పోయిందా?"

"మతి బాగానే ఉందండి."

"డాకటేరువా?"

"కాదు. టీచర్ని."

"అయితే పిల్లలకి చెప్పు. మా ఆయనికి గుండె ధైర్యం తప్ప ఇంకేటీ మిగల్లేదు. ఇప్పుడు నెయ్యేసి అది కూడా పోగొట్టుకోమంటావేటి?"

పక్కనున్న ముసలాయన, "ఇలగే మొన్నొకడొచ్చి గోమూత్రం పోయమన్నాడు" అన్నాడు. కొందరు నవ్వారు. ఒకామె, "మీరు అమ్ముతారా నెయ్యి?" అని అడిగింది.

నాకు కోపం వచ్చింది. బోర్డు లేదు, సుద్ద లేదు. సంచి గురించీ రసం గురించీ చెప్పడం మొదలుపెట్టి ఆపేశాను. వాళ్ళకు కావలసింది పాఠం కాదు.

"మా ఆయన ఇదే వార్డులో, కుడివైపు మూడో మంచం మీద ఉన్నారు" అన్నాను. "రోజూ నెయ్యి అడిగారు. నేను వెయ్యలేదు. పథ్యం ఒక్క పూట తప్పలేదు. ఎండలో కూర్చున్న ఆరో రోజు పోయారు. గడ్డ మాత్రం పోయిందని కాగితం ఇచ్చారు."

కాగితం చూపించాను. నూకరత్నం దాన్ని చదవలేదు. నా ముఖం వైపే చూసింది.

"బస్సాయనా? ముందుకి జరగండి అనేవోడు?"

"అవును."

"సిస్టరమ్మ చెప్పిందని మా ఆయన అన్నాడు." కొంచెం సేపు మూత మీద వేళ్ళు ఆడించింది. "మరి డాకటేరుబాబు మాకెందుకు చెప్పలేదు?"

"మీరేం పెడుతున్నారో ఆయన అడగలేదు."

"అడక్కపోతే నువ్వయినా చెప్పొద్దా ఆయనికి?"

"చెప్పాను. ఇరవై రెండో తారీఖున వింటారట."

ముసలాయన వేళ్ళ మీద లెక్కపెట్టి, "పద్దెనిమిదికే కదా మావోళ్ళకి ఎండ" అన్నాడు.

ఆ రోజు ఐదుగురు ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు. వాళ్ళను నేను తప్పుపట్టలేను. మూడు నెలల క్రితం నాకెవరైనా వచ్చి ఇలా చెబితే నేనూ ఒప్పుకునేదాన్ని కాదు.

బుధవారం మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక రాహేలు సిస్టరు ఫోను చేసింది.

"టీచరుగారూ, గోరింటాకు నూరినట్టుంది. పచ్చగా."

"వార్డు దీపం కింద చూశారా?"

"లేదండీ. బేసిను మేడ మీదికి మోసుకెళ్ళేను. పట్నాయక్ గారిని పిలిచి ఎండలో చూపించేను. ఆయన ముక్కు మూసుకోవడం కూడా మర్చిపోయేడు."

ఐదుగురిలో నలుగురిది అలాగే ఉంది. నెయ్యి వెయ్యని ఇద్దరిదీ మామూలు రంగు. ఆ సాయంత్రమే పట్నాయక్ గారు ఎవరి అనుమతీ అడగకుండా ఎండ రోజును రెండు వారాలు వెనక్కి జరిపాడు. మర్నాటి నుంచి మిగతా ఇద్దరి క్యారేజీల్లోకీ నెయ్యి వచ్చింది. దానికి పట్నాయక్ గారికి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆ మనిషి మంచివాడని ముందే రాశాను.

వాయిదా పడ్డ రోజున ఏడుగురూ ఎండలో కూర్చున్నారు. ఏడుగురూ బతికే ఉన్నారు. ఆరుగురికి గడ్డలు కరిగాయి. నూకరత్నం భర్తకు కరగలేదు. ఎందుకో ఇంకా తెలియదు. "పోన్లెండి, నెయ్యయినా తిన్నాడు" అందావిడ నాతో. కొత్త రోగులకిచ్చే కాగితంలో ఇప్పుడు తిండి గురించి నాలుగు పంక్తులు ఉన్నాయి. నలభై ఒకటో గడి కోసం వార్డు బయట వరండాలో ఒక తెల్ల దీపం పెట్టారు.

*

అంతకు ముందు పోయిన నలుగురి ఇళ్ళకూ ఒక ఉత్తరం రాయాలి. ఇది కమిటీయే ఒప్పుకుంది. తెలుగు సరిచూడమని పట్నాయక్ గారు చిత్తుప్రతి నాకు పంపాడు.

"కుటుంబ సభ్యులు పాటించిన ఆహార నియమాల కారణంగా మందు శరీరంలో నిలిచిపోయినట్టు తేలింది" అని ఉంది. భాషలో తప్పు లేదు. నేను ఎర్ర కలంతో కొట్టేసి తిరిగి పంపాను. ఆయన ఫోను చేశాడు.

"అది నిజమే కదండీ?"

"సగం నిజం. ఏం పెడుతున్నారో మేము అడగలేదు, ఏం పెట్టాలో మేము చెప్పలేదు. ఇది మిగతా సగం. దాన్ని ముందు రాయండి."

"లీగల్ వాళ్ళు ఆ మాట పెట్టనివ్వరు."

"అయితే ఆ మొదటి మాట కూడా పెట్టకండి."

"ఒక సంగతి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. "వాళ్ళకి అసలు చెప్పడం అవసరమా? తెలిస్తే ఆ వండిపెట్టినవాళ్ళు ఎలా బతుకుతారు?"

ఈ ప్రశ్న నేను చాలాసార్లు వేసుకున్నాను. ఆ ఇళ్ళలో ఇంకొకరికి ఈ జబ్బు రావచ్చు. ఎవరైనా ఇరుగుపొరుగు పచ్చ సూదికి వెళ్ళవచ్చు. పథ్యం బాగా వండుతారని పేరున్న చేతులు మళ్ళీ అదే వండుతాయి. చెప్పకుండా ఉండటానికి వీల్లేదు. కానీ చెప్పేది ఈ ఉత్తరం కాకూడదు. పాయకరావుపేటలో ఒక భార్య, సాలూరులో ఒక తల్లి, టెక్కలిలో ఒక కోడలు. నాలుగో ఇల్లు మాది. ఎవరో పోస్టు తెచ్చి ఇచ్చి, ఇంకెవరో పైకి చదివి వినిపిస్తే, ఇంట్లో అందరి ముందూ వాళ్ళు నేరస్తులవుతారు. కేంద్రం ఎక్కడా కనబడదు.

రెండో ప్రతిలో "ఆహార సమాచార సేకరణలో ఏర్పడిన అంతరం" అని వచ్చింది. అంతరం దానంతట అది ఏర్పడిందట. కొట్టేశాను. మూడో ప్రతిలో విచారం ఉంది, సానుభూతి ఉంది, ఎవరు ఏం చెయ్యలేదో లేదు. నాలుగోదాంట్లో నేనే వాక్యం రాసి ఇచ్చాను: "మేము అడగవలసింది అడగలేదు." మూడు మాటలు. దాని కింద సంతకానికి గీత గీశాను.

పంపి పదకొండు రోజులైంది. నిన్న ఫోను చేస్తే ఫైలు లీగల్ దగ్గర ఉందన్నారు. లీగల్‌కు ఫోను చేస్తే పట్నాయక్ గారి దగ్గర ఉందన్నారు. ఆయనకు చేస్తే, సంతకం తాను పెడతాననీ, తన సంతకం ఒక్కటే చెల్లదనీ అన్నాడు. ఆ గొంతులో అలసట నాకు తెలుసు. నా గొంతూ అలాగే ఉంది.

వదిన మా ఇంట్లోనే ఉంది. నేను బడి నుంచి వచ్చేసరికి వండి పెడుతుంది. ఈ మధ్య నాకు నీరసంగా ఉంటోందని చారులో తాలింపు మానేసింది. నేను ఏమీ అనకుండా తింటున్నాను. నేను ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ వరండాకు వెళ్తున్నాను. ఎక్కడికని ఆవిడ అడగదు.

ఉత్తరం మీద సంతకం కాలేదు. పాయకరావుపేటలో, సాలూరులో, టెక్కలిలో ఎవరికీ చెప్పలేదు. వదినకు నేనూ చెప్పలేదు.